పెంచిన చేతులే పంపవలెను

పుష్యమాసపు తెల్లవారుజామున లంబసింగి మీదుగా చింతపల్లికి పోవువారికి పది అడుగుల దూరములోని చెట్టు కూడ కనబడదు. మంచులో నుండి ఆశ్రమ పాఠశాల గంట మాత్రము వినబడును. సంక్రాంతి సెలవులు ముగిసి పిల్లలు తిరిగి వచ్చుచుందురు. కాలిబాటను నడిచి వచ్చువారు కొందరు, జీపు వెనుక వ్రేలాడుచు వచ్చువారు కొందరు. ఉపాధ్యాయుడు హాజరు పట్టీ తెరచి ఒక్కొక్క పేరే పిలుచును. ఒక పేరుకు బదులు రాదు. మరునాడును రాదు. మూడవనాడు ఆ ఊరి పిల్లవాడొకడు లేచి నిలుచుండి, తలవంచుకొని చెప్పును: "ఆళ్ళమ్మ చచ్చిపోయింది మాస్టారూ. నాన్న యెక్కడున్నాడో తెలీదు. తమ్ముడికి వండిపెడతా ఇంటికాడే ఉంది."

మన్యములో పనిచేసిన ఉపాధ్యాయునకు ఇట్టి మాట కొత్తది కాదు. ఒక ఇంట తల్లిని డోలీలో మోసికొని పోవుచుండగానే ప్రాణము పోవును. వేరొక ఇంట తండ్రి, బయటివారి పెట్టుబడికి ఆశపడి, గంజాయి కేసులో చిక్కుకొని చెరసాలలో నుండును. మరియొక ఇంట క్షయరోగము ఇద్దరిని మంచము పట్టించును. కారణమేదైనను బడిలో ఒక పేరు బదులు లేక మిగిలిపోవును.

చింతపల్లి అనగానే తెలుగువారికి 1922 ఆగస్టు 22వ తేదీ జ్ఞప్తికి వచ్చును. ఆనాడు అల్లూరి సీతారామరాజు దళము ఇచ్చటి పోలీసు ఠాణాపై దాడిచేసి ఆయుధములు పట్టుకొని పోయినది. నూరేండ్లు నిండుచుండగా 2022 ఏప్రిల్ 4న ఆ వీరుని పేరనే ఒక జిల్లా ఏర్పడినది. ఆ జిల్లాలో చింతపల్లి నేడొక మండల కేంద్రము. ఈ కొండలు ఎవరివి అను ప్రశ్నకై ఆనాడు రక్తము చిందినది. ఈ కొండలలో దిక్కులేకుండ మిగిలిన బిడ్డ ఎవరిబిడ్డ అను ప్రశ్నకు ఆర్భాటము లేదు. కాని దానికి చెప్పు సమాధానముపై ఒక జీవితము ఆధారపడి యుండును.

పేరుకు బదులు రాని దినమున ఉపాధ్యాయుని మనసులో మొదట మెదలు మాట ఒకటే: "ఆ పిల్లలను మన ఇంటికి తెచ్చుకొందము." ఆ మాట ఉత్తమమైనది. అయితే ఆ మాటకును, ఆ పిల్లలు ఇంటి గడప దాటుటకును నడుమ ఒక సాధన ఉన్నది. పరుల బిడ్డను పెంచ సంకల్పించినవారు ఆ సాధనను గూర్చి ముందుగా తెలిసికొనవలెను.

దత్తత వేరు, పోషణ వేరు

మన పెద్దలకు దత్తత తెలియును. దత్తుడైన బిడ్డ కొత్త ఇంటిపేరు ధరించును, కొత్త తల్లిదండ్రులకు వారసుడగును, తిరిగి పోవుట యుండదు. పోషణ అట్టిది కాదు. కన్నవారు రోగము వలననో, చెరసాల వలననో, మరియొక ఆపద వలననో బిడ్డను చూచుకొనలేని కాలములో, మరియొక కుటుంబము ఆ బిడ్డను తన ఇంట నుంచుకొని, అన్నము పెట్టి, చదువు చెప్పించి, అవసరము తీరిననాడు తిరిగి అప్పగించుట పోషణ. ప్రభుత్వ పత్రములలో దీనినే ఫోస్టర్ కేర్ అందురు. పోషక తల్లిదండ్రులకు బిడ్డపై బాధ్యత యుండును గాని స్వామ్యము ఉండదు.

2015 నాటి బాలల న్యాయ చట్టము 44వ విభాగములో ఈ పద్ధతిని వివరించినది. బిడ్డను ఏ కుటుంబమునకు అప్పగించవలెనో నిర్ణయించునది బాలల సంక్షేమ సమితి. ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు గల ఈ సమితికి ప్రథమశ్రేణి న్యాయాధికారికి గల అధికారములున్నవి. ఆరేండ్లు దాటిన పిల్లలనే సాధారణముగా పోషణకు పంపుదురు. అంతకన్న చిన్నవారై, ఎవరును లేనివారైనచో, వారికి స్థిరమైన దత్తత గృహమే వెదకుదురు. దత్తతకు యోగ్యులని సమితి గుర్తించిన పిల్లలను దీర్ఘకాలపు పోషణకు ఈయరాదని చట్టమే చెప్పుచున్నది. అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను వీలయినంతవరకు ఒకే ఇంట నుంచవలెననియు అందులో నున్నది.

కాబట్టి ఎంతటి దయామయుడైన ఉపాధ్యాయుడైనను, దిక్కులేని బిడ్డను తన ఇష్టము వచ్చినట్లు ఇంటికి కొనిపోయి పెంచుటకు వీలులేదు. ఆ సంగతిని 1098 సంఖ్యకు గాని, పోలీసులకు గాని, జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు గాని, సమితికి గాని ఇరువది నాలుగు గంటలలోపల తెలుపవలెను. ఇది దయకు అడ్డుకట్టవలె తోచవచ్చును. నిజమునకు అది బిడ్డకు రక్షణకట్ట. దయగలవాడు తెరచిన తలుపునుండియే దయలేనివాడును లోనికి రాగలడు. తెలంగాణ ప్రాంతమున 1999లోను, 2001లోను బయటపడిన ఉదంతములు తెలుగువారు మరువరానివి. పేద లంబాడీ తల్లుల ఒడినుండి ఆడశిశువులు చేతులు మారి, దత్తత పేరిట దూరదేశములకు పోవుచున్నట్లు ఆనాడు తేలినది. ఆ శిశువులను తీసికొన్నవారిలో నిజమైన వాత్సల్యము గలవారును ఉండవచ్చును. కాని బిడ్డ ఎట్లు వచ్చెనని అడుగని వాత్సల్యము ఆ తల్లుల కడుపుకోతను ఆపలేదు.

ముందు అయినవారి గడప

పోషణకు సిద్ధపడువారు తమను తాము వేసికొనవలసిన మొదటి ప్రశ్న వినుటకు విచిత్రముగా నుండును: "ఈ బిడ్డ మా ఇంటికి రావలసిన అవసరము నిజముగా ఉన్నదా?"

మన్యపు గూడెములలో తల్లి పోయిన బిడ్డను పిన్నమ్మయో, అమ్మమ్మయో, మేనమామయో చేరదీయుట అనాదిగా ఉన్న ఆచారము. దానికి కాగితము లేదు, సాక్షులు లేరు. కుండలో మరి రెండు గరిటెల అంబలి పోయుటతో ఆ పోషణ ఆరంభమగును. కాని ఆ పిన్నమ్మ ఇంట నలుగురు పిల్లలుండి, మెట్ట చెక్కలో పండిన చోళ్ళు మాఘమాసము నాటికే అయిపోవునపుడు, ప్రేమ ఉండియు బిడ్డ బడి మానవలసి వచ్చును. అట్టి ఇంటికి కావలసినది బిడ్డను తీసికొనిపోవు ఉదారుడు కాడు. కొంత ఆసరా కావలెను.

ఆ ఆసరాకు మార్గమున్నది. కేంద్రప్రభుత్వపు మిషన్ వాత్సల్య పథకము క్రింద, వితంతువైన తల్లివద్ద గాని, బంధువుల ఇంట గాని పెరుగుచున్న పిల్లలకు నెలకు 4,000 రూపాయల సహాయము పొందుటకు ఏర్పాటు కలదు. పల్లెలలో కుటుంబపు వార్షికాదాయము 72,000 రూపాయలు మించరాదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగము ద్వారా పోవును. మన్యములో చదువు రాని అమ్మమ్మకు ఈ సంగతి ఎవరు చెప్పుదురు? మరణ ధ్రువపత్రము, ఆధారు, బ్యాంకు ఖాతా ఎవరు సమకూర్చి పెట్టుదురు? ఊరిలో ఆ పని తెలిసిన మొదటి మనిషి తరచుగా ఉపాధ్యాయుడే. ఒక సాయంకాలము కూర్చుండి ఆ కాగితములు నింపినచో, ఒక బిడ్డ పరాయి ఇంటికి పోవలసిన పనియే తప్పిపోవచ్చును. పోషక తల్లిదండ్రులు కాగోరువారికి అదియే మొదటి పాఠము.

ఈ పాఠమును నేర్వని దేశములు తరువాత తలవంచుకొన్నవి. ఆస్ట్రేలియాలో ఆదిమజాతుల పిల్లలను పలు దశాబ్దముల పాటు తల్లులనుండి వేరుచేసి తెల్లవారి ఇండ్లలోను ఆశ్రమములలోను పెంచినారు. 2008 ఫిబ్రవరి 13న ఆ దేశ ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో నిలువబడి ఆ తరమును క్షమాపణ వేడుకొన్నాడు. అమెరికాలో ఆదిమజాతుల పిల్లలు విశేష సంఖ్యలో కుటుంబములకు దూరమగుచున్నట్లు తేలిన పిమ్మట, 1978లో ప్రత్యేక శాసనము చేసి, అట్టి బిడ్డకు మొదట బంధువులను, తరువాత స్వజాతి కుటుంబమును వెదకవలెనని నిర్ణయించినారు. బిడ్డలను వేరుచేసినవారిలో పలువురు తాము మేలు చేయుచున్నామనియే నమ్మినారు. 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మార్గదర్శకములు, పేదరికము ఒక్కటే కారణముగా బిడ్డను కుటుంబమునుండి వేరుచేయరాదని స్పష్టముగా పలికినవి.

కవచకుండలములు

అయినవారెవరును లేరని, ఉన్నను చూడలేరని సమితి విచారణలో తేలినపుడే బిడ్డ మరియొక గడప తొక్కును. ఆ బిడ్డ వట్టిచేతులతో వచ్చుచున్నదని అనుకొనరాదు.

మహాభారతములో సూతుడైన అధిరథుడు నదిలో కొట్టుకొని వచ్చిన పెట్టెను తెరచి చూచినపుడు, అందలి శిశువు ఒంటిపై కవచకుండలములున్నవి. రాధ ఆ శిశువును హృదయమునకు హత్తుకొన్నది. ఆ దంపతులు ఆ పుట్టుగుర్తులను తొలగించ ప్రయత్నింపలేదు. వానితోనే పెంచినారు. ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై, కన్నతల్లి ఎవరో తెలిసిన తరువాత కూడ, రాధేయుడనని చెప్పుకొనుటకు సిగ్గుపడలేదు.

మన్యపు బిడ్డకును కవచకుండలములున్నవి. మొదటిది పేరు. ఈ కొండలలో ఇంటిపేరు కేవలము పిలుపు కాదు. కొర్రా వారు సూర్యుని గోత్రము, కిల్లో వారు పులి గోత్రము, పాంగి వారు గ్రద్ద గోత్రము అని చెప్పుకొందురు. ఒకే గోత్రమువారు అన్నదమ్ములు. వారిలో వారికి పెండ్లి కూడదు. బడి రికార్డులో సులువుగా నుండునని పోషకుడు తన ఇంటిపేరు వ్రాయించినచో, ఆ బిడ్డకు ఎవరు అన్నలో ఎవరు బావలో తెలియకుండ పోవును. పోషణ వలన బిడ్డ ఇంటిపేరు గాని, జన్మచేత వచ్చిన తెగ గాని మారవు.

రెండవది భాష. కోందు బిడ్డ ఇంట కువి మాటాడును. కోటియా బిడ్డ ఒడియాకు చుట్టమైన తన మాట మాటాడును. బగత, కొండదొర ఇండ్ల తెలుగు కూడ పుస్తకపు తెలుగు కాదు. ఆ మాటను చూచి నవ్విన ఇంట బిడ్డ మౌనము నేర్చుకొనును. పోషక దంపతులు ఆ భాషలో అన్నము, నీరు, నొప్పి, భయము, అమ్మ అను అయిదు మాటలైనను ముందుగా నేర్చుకొన్నచో, మొదటి రాత్రి బిడ్డ ఒంటరి కాదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, ఇట్టి బిడ్డ విషయమున జాతి, మతము, సంస్కృతి, భాష తెగిపోకుండ చూడవలెనని 20వ అధికరణములో చెప్పినది. ఆ ఒడంబడికను మనదేశము 1992లో అంగీకరించినది.

మూడవది భూమి. చింతపల్లి షెడ్యూలు ప్రాంతము. 1959 నాటి భూబదలాయింపు నిబంధనయు, దానిని సవరించిన 1/70 అను శాసనమును, ఇచ్చటి భూమి గిరిజనేతరుల పాలు కాకుండ అడ్డుపడుచున్నవి. 2006 నాటి అటవీ హక్కుల చట్టము క్రింద వచ్చిన పట్టా వారసులకు సంక్రమించును గాని అమ్ముటకు వీలులేదు. తండ్రి పోయిన బిడ్డకు ఆ కాఫీ మొక్కల నీడలోనో, ఆ మెట్ట చెక్కలోనో వంతు ఉండవచ్చును. బిడ్డ ఊరు విడిచి నాలుగేండ్లు కనబడకపోయినచో గట్టు జరుగును, పేరు మాసిపోవును. మంచి పోషకుడు ఆ పట్టా నకలును బిడ్డ పుస్తకముల పెట్టెలో భద్రపరచును. ఏడాదికొకమారు బిడ్డను ఆ పొలము గట్టుపై నడిపించి తీసికొని వచ్చును. చైత్రమున ఇటుకల పండుగ వచ్చినపుడు ఊరికి పంపును. ఆ నాలుగు దినముల పాఠములు తరువాతనైనను చెప్పుకొనవచ్చును.

ఇంటిని సిద్ధము చేయుట

పోషణకు ముందుకు వచ్చు కుటుంబమును జిల్లా అధికారులు పరిశీలింతురు. ఇంటికి వచ్చి గదులు చూతురు, దంపతులతో వేరువేరుగా మాటాడుదురు, ఇంటి పిల్లలను అడుగుదురు. ఆరోగ్య పత్రములు, పోలీసు విచారణ, ఆదాయ వివరములు కోరుదురు. 2024లో సవరించిన మార్గదర్శకముల ప్రకారము దంపతులకు కనీసము రెండేండ్ల స్థిరమైన కాపురము ఉండవలెను. ఒంటరి స్త్రీ బాలుని గాని బాలికను గాని పోషింపవచ్చును. ఒంటరి పురుషునకు బాలికను అప్పగింపరు. బిడ్డ అభిప్రాయమును కూడ అడుగుదురు. అప్పగించిన తరువాత ప్రతినెలయు వచ్చి చూచు ఏర్పాటు చట్టములోనే యున్నది.

ఈ పరిశీలన తమపై అనుమానమని కొందరు నొచ్చుకొందురు. వారు డెన్నిస్ ఓనీల్ అను బాలుని కథ తెలిసికొనవలెను. పండ్రెండేండ్ల ఆ బాలుడు 1945 జనవరిలో ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతమున, పోషణకు అప్పగించిన పొలములోని ఇంట, దెబ్బలకును ఆకలికిని గురియై మరణించినాడు. అతనిని అచ్చట చేర్చిన అధికారులు తగినట్లు వచ్చి చూడలేదు. ఆ మరణము దేశమును కదలించినది. కర్టిస్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చినది. 1948లో బాలల శాసనము వచ్చినది. నెలకొకమారు తలుపు తట్టు అధికారి వెనుక డెన్నిస్ నిలిచియున్నాడని తలచినచో, ఆయనకు ఎదురేగి పీట వేయుట కష్టము కాదు.

ఇక అధికారులు చూడలేని సిద్ధత ఒకటి ఉన్నది. ఇంటిలో ముందే ఉన్న పిల్లలకు సంగతి చెప్పవలెను. "ఒక అక్క వచ్చి మనతో ఉండును, వాళ్ళ అమ్మకు బాగైనపుడు వెళ్ళును" అని ఉన్నదున్నట్లు చెప్పవలెను. వచ్చిన బిడ్డకు తనదియే అయిన పక్క, దుప్పటి, పెట్టె ఉండవలెను. ఆ పెట్టెను అనుమతి లేక ఎవరును తెరువరాదు. మొదటి దినములలో ఆ బిడ్డ అన్నము ముద్ద దాచుకొనవచ్చును, పక్క తడుపవచ్చును, అమ్మా అని పిలువకపోవచ్చును. వీనిని దుర్గుణములుగా లెక్కింపరాదు. రేపు అన్నముండునో లేదో తెలియని ఇంటినుండి వచ్చిన బిడ్డ ముద్ద దాచుకొనుట వివేకమే. ఆ వివేకము అవసరము లేదని మాటలతో నమ్మింపలేము. వేళ తప్పని కంచము చాలదినముల మీద నమ్మించును.

ఈ సిద్ధత ఎంత ఫలితమిచ్చునో చూపిన దంపతులు ఇంగ్లండులోని జేమ్స్, జాయిస్ రాబర్ట్‌సన్‌లు. 1960లలో వారు, తల్లులు ప్రసవమునకై ఆసుపత్రిలో నున్న నలుగురు చిన్నపిల్లలను ఒక్కొక్కరినిగా తమ ఇంట ఉంచుకొని చూచినారు. బిడ్డను ముందుగానే తమ ఇంటికి అలవాటు చేసినారు. బిడ్డ తినునదేమో, నిద్రించు తీరెట్టిదో తల్లినడిగి తెలిసికొన్నారు. తల్లి ఛాయాచిత్రము దగ్గర నుంచి, ఆమె మాట తరచుగా తలపెట్టినారు. తండ్రులు వచ్చిపోవుచుండిరి. ఆ పిల్లలు బెంగపడినను కుంగిపోలేదు. అదే కాలమున జాన్ అను పదునేడు నెలల శిశువు ఒక శిశుగృహములో తొమ్మిది దినములు గడపినాడు. అచ్చటి దాదులు మంచివారే, కాని గంటకొకరు మారుచుండిరి. తొమ్మిదవనాడు తల్లి వచ్చినపుడు ఆ శిశువు ఆమె చేతులలోనికి పోక పెనుగులాడినాడు. రాబర్ట్‌సన్‌లు తీసిన చలనచిత్రములు ఈ భేదమును లోకమునకు చూపినవి.

తరువాత రుమేనియా రాజధాని బుకారెస్టులో అమెరికా శాస్త్రజ్ఞులు అనాథాశ్రమములలోని 136 మంది శిశువులను పరిశీలించినారు. వారిలో సగము మందిని పోషక గృహములకు పంపినారు. కుటుంబములలో పెరిగిన పిల్లల బుద్ధివికాసము ఆశ్రమములలో మిగిలినవారికన్న మెరుగుగా నున్నదని 2007లో ప్రకటించినారు. ఎంత చిన్నవయసున ఇల్లు దొరికిన అంత మేలు జరిగినది.

బడిలోని చోటు

పోషణ బిడ్డ దినములో సగము గడపునది బడిలోనే. అందుచేత ఉపాధ్యాయుడు తాను పోషకుడు కాకపోయినను ఆ పోషణలో పాలివాడే. "మా కుటుంబము" అని వ్యాసము వ్రాయుమన్నపుడు ఆ బిడ్డ కలము ఆగిపోవును. "నాకు ఇష్టమైన ఒక మనిషి" అని మార్చినచో కలము నడచును. తండ్రి సంతకము కావలసిన కాగితమును అందరి ఎదుట అడుగరాదు. బహుమతి సభలలో "ఈ అనాథబాలికను ఫలానావారు పోషించుచున్నారు" అని ప్రకటించి దండలు వేయుట క్రూరత్వము. సంరక్షణలో నున్న బిడ్డ పేరు, ముఖము, పాఠశాల పత్రికలలోను ఇతర ప్రసార సాధనములలోను తెలుపరాదని అదే చట్టము 74వ విభాగములో నిషేధించినది. దానికి శిక్ష కూడ ఉన్నది.

విద్యార్థులకును ఇందులో పని ఉన్నది. కొత్తగా వచ్చిన పిల్లను "మీ అసలు అమ్మ యెవరు?" అని అడుగకుండుట మొదటి పని. బల్లపై జరిగి చోటిచ్చుట రెండవ పని. సెలవులకు తామందరు ఊళ్ళకు పోవుచుండగా ఆ పిల్ల కిటికీ దగ్గర నిలుచున్నచో, వెళ్ళివచ్చెదమని ఒక మాట చెప్పి పోవుట మూడవ పని. ఇవి చిన్న పనులే. కాని ఇవి చేయగలవారు ఆ తరగతిలోని పిల్లలు తప్ప ఇంకెవ్వరును లేరు.

అప్పగింత

పోషక తల్లిదండ్రులకు అన్నిటికన్న కఠినమైన సాధన చివర వచ్చును. సమితి వేరుగా తలచిననాడు తప్ప, కన్నవారు బిడ్డను అప్పుడప్పుడు వచ్చి చూచుటకు చట్టము అవకాశమిచ్చినది. ఆసుపత్రినుండి తేరుకొన్న ఒక తల్లి, మాసిన చీరతో, చెప్పులు లేని కాళ్ళతో గడప దగ్గర నిలుచును. ఇల్లు చూచి లోనికి వచ్చుటకు జంకును. బిడ్డ ఇటు చూచును, అటు చూచును. ఆ క్షణమున పోషకతల్లి ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టునా, అరుగు మీదనే కూర్చుండనిచ్చునా అను దానిని బిడ్డ కండ్లు కనిపెట్టుచుండును. తన తల్లికి ఈ ఇంట ఎంత గౌరవమున్నదో తనకును అంతే ఉన్నదని బిడ్డ గ్రహించును. "అమ్మకు నీ నోటుబుక్కు చూపించు" అని పోషకతల్లి అన్నచో, బిడ్డకు ఇద్దరమ్మలలో ఒకరిని ఎంచుకొనవలసిన బాధ తప్పును.

తుదకు, కన్నవారు తిరిగి చూచుకొనగలరని సమితి నిశ్చయించిననాడు బిడ్డ తిరిగి పోవును. తిరిగి పోవుటకు ఎవరును లేనిచోట కథ వేరు. రెండేండ్లు పోషించిన తరువాత, బిడ్డ చట్టరీత్యా యోగ్యమైనచో, ఆ కుటుంబమే దత్తత కోరుటకు 2024 మార్గదర్శకములు దారి చూపినవి. కాని ఆ ఆశతోనే తలుపు తెరచినవారు, కన్నతల్లి కోలుకొన్నదన్న వార్తకు లోలోపల దుఃఖింతురు. ఆ దుఃఖము బిడ్డకు తెలియకపోదు. అందుచేతనే దత్తత కోరువారు నేరుగా దత్తతకే దరఖాస్తు చేసికొనవలెను. పోషణకు రావలసినవారు పంపగలవారు.

మన పురాణములలో పెంచినవారి కథలు చాలవరకు వీడ్కోలుతోనే ముగియుచున్నవి. విశ్వామిత్రుడును మేనకయు విడిచిన పసికందును పక్షుల నడుమ చూచి తెచ్చి పెంచిన కణ్వుడు, శకుంతలను అత్తవారింటికి పంపునపుడు, అరణ్యవాసినైన నాకే ఇంత వ్యథ కలిగినదే అని తనలో తానే విస్మయపడినట్లు కాళిదాసు చూపినాడు. అయినను ఆయన పంపినాడు. అక్రూరుని రథము వ్రేపల్లెకు వచ్చిననాడు యశోద బిడ్డను ఆపలేకపోయినది. ఆమె కన్నది కాదని లోకమునకు తెలిసిన పిమ్మట కూడ ఆమె తల్లితనమునకు లోటు రాలేదు. ఆడపిల్లను కన్న ప్రతి తెలుగు ఇంటికిని అప్పగింత అను మాట తెలిసినదే. పెంచి పంపుట ఈ జాతికి కొత్త కాదు. కడుపున పుట్టని బిడ్డ విషయములోను ఆ ధైర్యము తెచ్చుకొనవలెను.

ఆ దినమునకు కూడ సిద్ధత కావలెను. ఒక్కసారిగా పంపరాదు. మొదట ఒక ఆదివారము, తరువాత ఒక పండుగ, ఆ పిమ్మట వేసవి సెలవులు. బిడ్డ పెట్టెలో బట్టలతోబాటు ఆ ఇంట గడపిన కాలపు గుర్తులు, ఛాయాచిత్రములు, మార్కుల పట్టీలు, టీకాల చీటీ, పట్టా నకలు ఉండవలెను. జీపు కదలిన తరువాత ఆ ఇంట ఒక పక్క ఖాళీగా నుండును. కొంతకాలము కంచములు లెక్క తప్పును. ఆ వెలితి అపజయము కాదు. చేపట్టిన పని పూర్తియైనదనుటకు అదియే గుర్తు.

మరుసటి సంక్రాంతి సెలవులు ముగిసిన పిమ్మట, మంచులో మరల గంట మ్రోగును. ఉపాధ్యాయుడు హాజరు పట్టీ తెరచును. కన్నవారు పెట్టిన ఇంటిపేరుతోనే ఆ పేరు పిలుచును. వెనుక వరుసనుండి, తమ్ముని ప్రక్కతరగతిలో దిగబెట్టి వచ్చిన ఆ పిల్ల, "ఉన్నాను మాస్టారూ" అనును.